వరద తీసిన తర్వాత

చంద్రపూర్‌లో శరదృతువు పంచాంగంలో తప్ప బయట ఎక్కడా కనిపించదని కొత్తగా వచ్చినవాళ్లు అంటుంటారు. వాళ్ల తప్పేం లేదు. వానలు వెనక్కి తగ్గాయో లేదో ఎండ మళ్లీ విరుచుకుపడుతుంది. మరాఠీ ఇరుగుపొరుగు దానికి ‘ఆక్టోబర్ హీట్’ అని ఇంగ్లీషులోనే పేరు పెట్టుకున్నారు. కూలర్లు తీసి అటక ఎక్కించాలా వద్దా అన్నది దీపావళి దాకా ఏ ఇంట్లోనూ తేలదు. థర్మల్ స్టేషన్ పొగ, బొగ్గు లారీల దుమ్ము, వాటికి తోడు ఈ ఎండ. పండువెన్నెల, రెల్లుపూలు, తేటనీళ్లు అంటూ మన కవులు వర్ణించిన శరత్తు ఈ ఊరి పొలిమేరలోకి రావడానికి జంకినట్టుంది.

అయినా ఋతువు మారిన గుర్తులు లేకపోలేదు. అక్టోబరు ఒకటిన తాడోబా అడవి గేట్లు తెరుస్తారు. పులిని చూడ్డానికి వచ్చిన నాగపూర్, ముంబై వాళ్లతో మొహర్లీ రోడ్డు నిండిపోతుంది. 15, 16 తేదీల్లో దీక్షాభూమికి నీలి జెండాలతో జనం వస్తారు. 1956లో నాగపూర్‌లో ధమ్మదీక్ష ఇచ్చిన అంబేడ్కర్, రెండు రోజుల తర్వాత అక్టోబరు 16న ఇక్కడా ఇచ్చారు. కోజాగిరి పున్నమి రాత్రి పక్కింటి మేడ మీద యాలకులు వేసి మరిగించిన పాలల్లో మా పిల్లలకూ చెరో గ్లాసు వస్తుంది. అప్పటికే తెలుగు వీధుల్లో, తంగేడు చాలక బంతిపూలతో సర్దుకుని, బతుకమ్మను సాగనంపి ఉంటాం.

మా ఇంటికి మాత్రం శరత్తు ఫోన్‌లో వస్తుంది. సిరొంచ నుంచి మా మరిది చేస్తాడు. “వదినా, గంగ తీసింది. నావ గుంజాలె. ఎన్నడొస్తరు?” అంతే. ఇక అల్లపల్లి మీదుగా ఆ గుంతల రోడ్డు పట్టుకుని మేం నలుగురం బయల్దేరడమే.

మా అత్తగారిది పడవ నడిపిన ఇల్లు. బెస్తవాళ్లం. సిరొంచ ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉంది. అక్కడినుంచి కాస్త కిందికి వెళితే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఆవలి గట్టు మీద కాళేశ్వరం. రెండు తరాలపాటు ఈ రేవులో మనుషుల్ని, మేకల్ని, సైకిళ్లని, పెళ్లివాళ్లని, కార్తీకానికీ శివరాత్రికీ ముక్తీశ్వరుడి గుడికి వెళ్లేవాళ్లని దాటించారు. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా సిరొంచ చంద్రపూర్ జిల్లాలోదే. మా మామ అయితే పోయేదాకా తనది చాందా జిల్లా అనే చెప్పుకున్నాడు. జిల్లా మారినా నీళ్లు మారలేదు. మా ఇంటి వెనక మోరీ ఇరయి నదిలో పడుతుంది, ఇరయి బల్లార్షా దగ్గర వర్ధాలో కలుస్తుంది, వర్ధా తుమ్మిడిహెట్టి దగ్గర వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. మేం బస్సెక్కేలోగా మా గిన్నెలు కడిగిన నీళ్లు మా అత్తమ్మ వాకిట్లోకి చేరిపోతాయని మా ఆయన హాస్యం. ఆవిడ దగ్గర మాత్రం అనడు.

పడవ ఇళ్లలో ఈ కాలానికి పని ఎక్కువ. వానాకాలం అంతా నావను ఎత్తుగట్టు మీద చెట్టుకు తాళ్లతో కట్టేసి ఉంచుతారు. వరద తీశాక దాన్ని బోర్లేసి, పాచి గీకి, పలకల సందుల్లో నూలు పేలికలు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసి, ఆరాక తారు పట్టిస్తారు. గుగ్గిలం కాగుతున్నప్పుడు వచ్చే వాసన గుళ్లో వాసనలాగా మొదలై కాసేపటికి గొంతులో పడుతుంది. మా పిల్లలిద్దరూ చిన్నప్పుడు ఆ పొయ్యి దగ్గర చోటు కోసం కొట్టుకునేవాళ్లు. పదో తరగతికి వచ్చిన మావాడు ఇప్పుడు దూరంగా నిలబడి వీడియో తీస్తాడు. వాడికి నీళ్లు పడవు. నావ ఎక్కితే కడుపులో తిప్పుతుందంటాడు. బెస్త ఇంట్లో అలాంటి పిల్లాడు పుట్టకూడదని ఏమీ లేదు కదా.

నావ నీళ్లలోకి దిగాక మొదటి దాటింపు ఖాళీగా పోవాలి. అది మా మామ పెట్టిన కట్టుబాటు. గడ పట్టుకుని ఒక్కడే పోయేవాడు. నాలుగు బారలకోసారి గడ దింపి చూసేవాడు. మోకాలిబంటి, మొలబంటి, గొంతుబంటి, ఆ తర్వాత గడకే అందని లోతు. దారి దొరికిన చోటల్లా వెదురు బద్ద గుచ్చి ఎర్ర పేలిక కట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఇది చూసి, ఇన్నేళ్లుగా నడుపుతున్న మనిషికి దారి తెలియదా అని నవ్వుకున్నాను. అడిగితే చెప్పాడు: “నిరుడు తొవ్వ నిరుడే పాయె బిడ్డా.”

అది మాటవరసకు అన్నది కాదు. సివనీ కొండల నుంచి వైన్‌గంగ, ముల్తాయి నుంచి వర్ధా, అజంతా కొండల నుంచి పెన్‌గంగ, ఇవన్నీ వానాకాలం నాలుగు నెలలూ ఇసుకను దొర్లించుకొస్తాయి. గోదావరి ఉపనదులన్నిటిలోకీ ప్రాణహిత పెద్దది. సంగమం దగ్గర ఎదురుగా గోదావరి నిండుగా ఉంటే దీని నడక మందగిస్తుంది, మోసుకొచ్చిన ఇసుక అక్కడే దిగబడుతుంది. నిరుడు లోతుగా పారిన పాయ మీద ఈ ఏడు దిబ్బ లేస్తుంది. నిరుటి దిబ్బను కోసుకుని కొత్త పాయ పుడుతుంది. కాబట్టి గంగ మీద ముసలివాడైన మనిషి కూడా ప్రతి దసరాకూ ఓనమాల దగ్గరే కూర్చోవాలి. నేను బడిలో లెక్కలు చెబుతాను. మా సబ్జెక్టులో పన్నెండో ఎక్కం ఏటేటా మారదు. ఆ నిశ్చింత ఎంత గొప్పదో నాకు అత్తగారింటికి వచ్చాకే తెలిసింది.

ఈ నదిని దారిగా నమ్ముకున్నది మా ఇల్లొక్కటే కాదు. ధవళేశ్వరం ఆనకట్టతో కోస్తావాళ్లకు దేవుడైన ఆర్థర్ కాటన్‌కు ఇంకో కల కూడా ఉండేది. నాగపూర్, వర్ధా ప్రాంతాల పత్తిని పడవల్లోకి ఎక్కించి వర్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని. 1860లో నిజాముతో ఒప్పందం చేసుకుని గోదావరి ఎడమగట్టు సీమను తెల్లవాళ్లు తీసుకున్నారు, ఎగువ గోదావరి జిల్లా అని పెట్టి సిరొంచను దానికి ముఖ్యపట్నం చేశారు. నది మధ్యలో మూడు చోట్ల రాతి అడ్డంకులు. వాటిని దాటించే కాలువలూ లాకులూ కట్టడానికి ఏళ్ల తరబడి డబ్బు పోశారు. వరద ఉన్నన్నాళ్లు నది సముద్రంలా ఉండేది. వరద తీసేసరికి రాళ్లు బయటపడేవి. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, పత్తి అటు తిరిగింది. 1871లో పనులు ఆపేశారు. 1874లో ఆ జిల్లానే ఎత్తేసి భద్రాచలం వైపు తాలూకాలను మద్రాసుకు, సిరొంచను చాందాకు పంచేశారు. అంత పెద్ద సర్కారు నదితో ఒకేసారి, ఎప్పటికీ సరిపోయే దారి కావాలంది. మా మామకు ఎప్పుడూ అంత ఆశ లేదు. ఆయనకు వచ్చే వైశాఖం దాకా నిలిచే దారి దొరికితే చాలు.

కాళేశ్వరం వైపు గోదావరి మీద వంతెన తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకే లేచింది. తర్వాత చెన్నూరు వైపు పోయేందుకు ప్రాణహిత మీద ఇంకోటి. పడవల కోసం కన్నీళ్లు పెట్టుకునే వ్యాసాలు చదివినప్పుడు నాకు విసుగు పుడుతుంది. రాసినవాళ్లు ఎప్పుడూ నొప్పులు పడుతున్న మనిషిని అర్ధరాత్రి నావలో వేసుకుని చీకట్లో దాటించి ఉండరు. మా అత్తమ్మ వంతెన చూసి మొదట అన్న మాట: “ఇగ రాత్రిపూట మన తలుపు ఎవ్వలు కొట్టరు.” సంతోషంగానే అంది. కాసేపయ్యాక ఆ మాటే మళ్లీ అంది, ఈసారి అంత సంతోషంగా కాదు.

రేవు పోయినా నావ పోలేదు. చేపలకూ, పాయల మధ్య ఇసుక మేటల్లో పుచ్చతీగలు పెట్టుకునేవాళ్లకూ, ఆవలి చేలల్లో మిరప ఏరడానికి పోయే కూలీలకూ నావ కావాలి. ఆ బతుకు కూడా నదిని బట్టే. 2019 జూన్ 21న దిగువన మేడిగడ్డ బరాజ్ మొదలైంది. 85 గేట్లు, 16.17 టీఎంసీల నీళ్లు. ఆ ఏటి నుంచి మా గంగ శరత్తులో తీయడం మానేసింది. వరద పోగానే గేట్లు దించితే నీళ్లు వెనక్కి తన్ని సిరొంచ ముందు చెరువులా నిలబడ్డాయి. దిబ్బల్లేవు, పాయల్లేవు, పుచ్చతీగల్లేవు. కొన్ని ఊళ్లలో చేలు మునిగి పరిహారం కోసం రైతులు రోడ్డెక్కారు. మరిది ఫోన్ చేసి, గంగ తీసింది అనడానికి బదులు, “గంగ నిలవడ్డది వదినా” అన్నాడు. మా మామ ఆ ఏడు కూడా అలవాటు కొద్దీ ఖాళీ నావలో పోయాడు. గడ ఎక్కడ దింపినా అడుగు తగల్లేదు. తిరిగొచ్చి గడను చూరు కింద పెట్టేసి తెడ్డు తీశాడు. జీవితమంతా నేర్చిన పని ఆ పూటతో అక్కరకు రాకుండా పోయింది.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి.

మా ఇంట్లో ఆడవాళ్లు గడ పట్టరు. చేపలు అమ్ముతారు, వలలు బాగుచేస్తారు, గుగ్గిలం కాస్తారు, నావలో కూర్చుంటారు. గడైనా తెడ్డైనా మగవాళ్లదే. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. 2020లో బళ్లు మూసేశారు కదా, మేం పిల్లల్ని సిరొంచలో వదిలిపెట్టాం. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. సిగ్నల్ కోసం పొద్దున ఫోన్ పట్టుకుని గట్టు మీదికి పోయేది, ఆన్‌లైన్ క్లాసు అయ్యాక తాత వెంట నావ ఎక్కేది. దసరాకు మేం వెళ్లేసరికి తెడ్డు దాని చేతిలో ఉంది, తాత ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మా ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

అప్పుడు నాకు ముద్దొచ్చింది. మా మామది ఎంత పెద్ద మనసో అనుకున్నాను. కోపం తర్వాత వచ్చింది. ఆ పండక్కే మా ఆడపడుచు చెన్నూరు నుంచి వచ్చింది. ఆమె చేతులు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అన్నదమ్ములిద్దరికంటే ఆమెకే బలం ఎక్కువ. చిన్నప్పుడు నావ గుంజేటప్పుడు ముందు తాడు ఆమెదే. ఆమె గట్టు మీద నిలబడి మేనకోడలు తెడ్డు వేయడం చాలాసేపు చూసింది. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్లి మెల్లిగానే అడిగింది: “నాకెందుకియ్యలే బాపు?”

ఆయన దగ్గర జవాబు లేదు. బీడీ పారేసి లేచిపోయాడు. జవాబు నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె అడగాల్సిన వయసులో గడకు విలువుండేది. రేవు వేలంపాటలో వాటా, దాటింపు డబ్బులు, ఊళ్లో మాట చెల్లుబాటు, అన్నీ దానితో ఉండేవి. అలాంటిదాన్ని కొడుకులకే ఇస్తారు. వంతెన వచ్చి, బరాజ్ వచ్చి, ఆ గడ పొయ్యిలోకి తప్ప పనికిరానిదయ్యాక మనవరాలికి తెడ్డు ఇచ్చారు. అడ్డుకట్టలు మంచితనంతో తెగలేదు, వాటి వెనక కాపాడుకోవాల్సింది ఏమీ మిగల్లేదు కాబట్టి తెగాయి. ఇది మా ఇంటి సంగతే కాదేమో. బడిలో ఆడ టీచర్లు ఎక్కువై మగవాళ్లు తక్కువైంది ఎప్పటినుంచో, ఏ జీతం దగ్గరో ఒకసారి లెక్క వేసుకోండి.

ఇంతవరకు అనుకుని ఆగిపోతే నాకూ తృప్తిగా ఉండేది. కానీ ఆ తర్వాత జరిగింది ఈ లెక్కలో ఇమడలేదు.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాయి. దసరాకు రెండు మూడు రోజుల ముందు. మేం అప్పటికే సిరొంచలో ఉన్నాం. పిల్లర్లు చూడ్డానికి నీళ్లు వదిలేయడంతో సంగమం దగ్గర గంగ దిగడం మొదలెట్టింది. రోజుకింత, రోజుకింత. వేల కోట్లు పెట్టి కట్టింది అలా కావడం ఎవరికీ సంతోషం కాదు, మంథని వైపు మా చుట్టాలు ఆ నీళ్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లే. అయినా గట్టు మీద ముసలివాళ్ల మొహాలు మాత్రం చుట్టం ఊళ్లోకి దిగినట్టు వెలిగాయి. నాలుగేళ్ల తర్వాత దిబ్బలు తలలెత్తాయి. పాత చోట్ల కాదు. నిలవ నీటి కింద నాలుగేళ్లు పేరుకున్న ఒండ్రు, దాని మీద ఇసుక. ఎక్కడ అడుగు గట్టిదో, ఎక్కడ కాలు దిగబడుతుందో ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

మా మామ చూరు కింద నుంచి గడ తీశాడు. ఈసారి ఒక్కడే పోలేదు, మనవరాలిని ఎక్కించుకున్నాడు. దానికి పదిహేనేళ్లు. ఆయన చూపు అప్పటికే మందగించింది. నీళ్ల మీద మెరుపు ఎలా ఉంది, ముడతలు దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా, రంగు మారిందా అని ఆయన అడుగుతుంటే అది చెబుతోంది. ముడతలు దగ్గర పడితే నీళ్లు పలచన. అద్దంలా ఉండి మెల్లగా తిరుగుతుంటే కింద గుంట. కొంగ నిలబడ్డ చోటికి నావ పోదు. ఇది దానికి అంతకుముందు తెలియదు, ఎందుకంటే అది నేర్చుకున్నదంతా నిలవ నీటి మీద. ఆయనకు ఈ కొత్త అడుగు తెలియదు. ఆ పొద్దు ఇద్దరిలో గురువు ఎవరో గట్టు మీద నుంచి చూస్తున్న మాకు అర్థం కాలేదు. రెండుసార్లు దిగబడ్డారు. ఒకసారి అదే దిగి మొలలోతు బురదలో నావను నెట్టింది. సాయంత్రానికి ఎర్ర పేలికలు ఆవలి గట్టు దాకా వంకరటింకరగా ఒక వరస కట్టాయి.

అప్పుడు తట్టింది, ఈ పనిలో చేతికి ఇచ్చేదంటూ పెద్దగా ఏమీ లేదని. పొలమైతే గెట్లు చూపించి ఇవ్వొచ్చు, బంగారమైతే తూచి ఇవ్వొచ్చు. దారిని ఇద్దామంటే అది ఏటేటా కొట్టుకుపోతుంది. మిగిలింది వెతికే తీరు ఒక్కటే. దానికి నీళ్లెదుట పక్కన కూర్చోబెట్టుకోవడం తప్ప ఇంకో బదిలీ పత్రం లేదు. విలువ పోయాకే ఇచ్చారని నేను కోప్పడ్డ పని, విలువ తిరిగొచ్చిన రోజున దాని చేతిలోనే ఉంది. అలాగని మా ఆడపడుచు ప్రశ్న చెల్లిపోలేదు. ఆమె ఆ రోజు కూడా గట్టు మీదే ఉంది.

మా మామ ఆ మరుసటి ఏడు పోయాడు. ఈ దసరాకు మొదటి ఖాళీ దాటింపు మా అమ్మాయే చేసింది. మరిది గట్టు మీద నిలబడి అటు పో, ఇటు పో అని అరుస్తూనే ఉన్నాడు, అది ఒక్కటీ వినలేదు.

ఇప్పుడది పన్నెండో తరగతి. వచ్చే ఏడు ఇంట్లో ఉండదు. పుణె వెళ్లి లా చదువుతానంటోంది. మా ఆయనకు హైదరాబాదు మీద మనసు. అక్కడ చుట్టాలున్నారు, పైగా 2024 సెప్టెంబరు నుంచి నాగపూర్–సికింద్రాబాద్ వందేభారత్ మా ఊళ్లోనే ఆగుతోంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి పిల్ల ముఖం చూడొచ్చు. “చూడ్డానికి రైలు ఉందని కాలేజీ ఎంచుకుంటారా పప్పా?” అని అది. మునిగిన చేలకు పరిహారం ఇప్పించే వకీలు మనింట్లోనే తయారవుతోందని మరిది ఊరంతా చాటాడు. అది కంపెనీ లా చేస్తానంటోంది. గంగ మీద పెరిగిన పిల్ల గంగ కోసమే చదవాలని మనం కథలు అల్లుకుంటాం. ఆ కథల బరువు పిల్లల నెత్తిన పెట్టడం అన్యాయమే.

ఈ ఊరికి పిల్లల్ని పంపించడం కొత్త కాదు. చంద్రపూర్ బొగ్గు బయటికి పోతుంది, 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ కరెంటు ముంబై దాకా పోతుంది, బల్లార్షా టేకు 2023లో అయోధ్య గుడికి పోయింది. మా కాలనీలో పద్దెనిమిది దాటిన పిల్లలున్న ఇళ్లు తక్కువ. వాళ్ల అమ్మలు నన్ను ఇప్పటినుంచే ఓదార్చడం మొదలుపెట్టారు. ఇల్లు బోసిపోతుందని ఒకరు, అలవాటైపోతుందని ఇంకొకరు. మా ఆయన ఓదార్పు వేరు. “నేను పోలేదా?” అంటాడు. నిజమే, ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ ఉద్యోగం వచ్చి ఆయనా ఇల్లు విడిచాడు. పడవవాడి కొడుకు నావలో నది దాటి వెళ్లిపోయాడని రాస్తే బాగుంటుంది గానీ, చంద్రపూర్ రావడానికి నావ అక్కర్లేదు, తెల్లవారుజామున అల్లపల్లి బస్సెక్కాడు. వాళ్ల నాన్న ఆపలేదు. “నౌకరి పట్టు, నావకు పింఛను లేదు” అన్నాడట.

మా అత్తమ్మ ఏళ్లను లెక్కపెట్టదు, పుష్కరాలను లెక్కపెడుతుంది. 2010 డిసెంబరులో ప్రాణహిత పుష్కరాలకు మా అమ్మాయి నా చంకలో ఉంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన పుష్కరాలకు తాత కంటే ముందే నీళ్లలోకి దూకింది. మళ్లీ 2034. అప్పటికి దానికి ఇరవై ఆరు, ఎక్కడుంటుందో ఏం చేస్తుంటుందో. అత్తమ్మ మాత్రం ఇప్పుడే చెప్పేసింది, “ఏడున్నా పుష్కరాలకు రావాలె.” తొమ్మిదేళ్ల ముందే సెలవు అడిగి పెట్టుకోమంటావా అని మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ మాటకు అలుగుతుంది అని కట్టుకున్న ఎర్ర పేలికలన్నీ ఒక్క ఏట కొట్టుకుపోబోతున్నాయి. ఇక ఫోన్‌లో గొంతు విని లోతు కనుక్కోవాలి.

మిగిలిన సమస్య నావది. మరిదికి నడుం నొప్పి, గట్టిగా ఒక పూట గడ వేయలేడు. అతని కొడుకు గడ్చిరోలిలో మొబైల్ షాపు పెట్టుకున్నాడు. మా ఆయనకు షిఫ్టులు. మావాడి సంగతి చెప్పాను కదా. వచ్చే దసరాకు ఖాళీ నావలో ఎవరు పోవాలి? పీట మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది, “కోడలు నేర్చుకుంటది. గడకు అడ్డం పడే మొగోళ్లు ఎవ్వలున్నరు ఇప్పుడు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున ఎవరూ లేవకముందే అమ్మాయిని లేపి రేవుకు తీసుకెళ్లాను. గడ నేననుకున్నంత బరువు లేదు, అడుగున ఇసుకలో దిగబడ్డాక లాగడమే కష్టం. నెట్టితే నావ నేను చెప్పిన వైపు తప్ప అన్ని వైపులా పోయింది. ఒకే చోట గుండ్రంగా తిరిగి తిరిగి మళ్లీ ఒడ్డుకే వచ్చాం. చెన్నూరు నుంచి పండక్కి వచ్చిన ఆడపడుచు, ముఖం కడుక్కోవడానికి గట్టుకు వచ్చి, చెంబు పక్కన పెట్టి చీర బిగించింది. “జరుగు వదినా” అని నావలోకి దిగి గడ తీసుకుంది. ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. చిన్నప్పటి నుంచి ఇన్నేళ్లు గట్టు మీద నిలబడి చూసిందంతా చేతుల్లోనే ఉంది. మొదటి పాయ దాటించేసి, వెనక్కి తిప్పి, నా వైపు చూసి, “రోజిడిసి రోజు వస్త చెన్నూరు నుంచి, వంతెన ఉన్నది గద” అంది.

అయితే నన్ను మాత్రం మళ్లీ గడ ముట్టనివ్వలేదు మా అమ్మాయి. 2024 జనవరిలో మిరప ఏరడానికి పోతున్న ఆడకూలీల పడవ గణపూర్ దగ్గర వైన్‌గంగలో మునిగిపోయింది. ఆ పోయినవాళ్ల ఫొటోలు అది ఇప్పటికీ మర్చిపోలేదు. ఈత రానిదే నావలో నిలబడే పని లేదంది. మొలకు గాలితొడుగు కట్టుకుంటానన్నా వినలేదు. పుణె వెళ్లేలోగా, అంటే ఫిబ్రవరి పరీక్షలూ ఎంట్రన్సులూ అయ్యాక వచ్చే ఎండాకాలంలో, తనే పరీక్ష పెడుతుందట. ఈతకొలనులో ఈ కొసనుంచి ఆ కొసకు ఆగకుండా, మధ్యలో గోడ పట్టుకోకుండా. చంద్రపూర్‌లో ఆడవాళ్లకు పొద్దున ఈత బ్యాచ్ ఎన్నింటికో కనుక్కున్నాను, ఆరింటికట. బడి ఏడున్నరకు. కుక్కరు రాత్రే సర్దిపెట్టుకుంటే కుదురుతుంది.